హీరో నడక మన కాళ్ళకి ఎలా వస్తుంది?

2021 డిసెంబరు నెలాఖర్లో విశాఖలోని గాజువాక థియేటర్ల దగ్గర ఆట వదిలే వేళ నిలబడితే ఒక తమాషా కనిపించేది. లోపలికి మామూలుగా వెళ్ళిన కుర్రాళ్ళు బయటికి ఒక భుజం ఎత్తుకుని వచ్చేవారు. ‘పుష్ప’ చూసిన ఫలితం. అక్కణ్ణుంచి హైవే మీద కూర్మన్నపాలెం దాకా అదే నడక. ‘ఏట్రా ఆ భుజం?’ అని ఇంట్లో అమ్మ అడిగితే గడ్డం కింద చెయ్యి పోనిచ్చి జవాబు. తర్వాత కొన్నాళ్ళకి క్రికెటర్ రవీంద్ర జడేజా మైదానంలో అదే పని చేశాడు, డేవిడ్ వార్నర్ వీడియో పెట్టాడు. ఇక్కడి కుర్రాళ్ళకి మాత్రం తెల్లారి ఏ-షిఫ్టుకి ఉక్కు ఫ్యాక్టరీ గేటు దాటే సరికి భుజాలు రెండూ సమానంగానే ఉండేవి.

ఇంకో చిక్కుముడి కూడా ఈ ఊరిదే. కూర్మన్నపాలెం గాజువాక నియోజకవర్గంలో ఉంది. 2009లో చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం పార్టీకి రాష్ట్రం మొత్తం మీద 18 సీట్లు వస్తే అందులో గాజువాక ఒకటి. పదేళ్ళ తర్వాత, 2019లో, ఆయన తమ్ముడు పవన్ కల్యాణ్ స్వయంగా ఇక్కడ నిలబడి ఓడిపోయారు. ఆయన సినిమా వచ్చిందంటే ఇక్కడి థియేటర్లలో కాగితం ముక్కల వాన కురుస్తుంది. తెర ముందు పూనకం వచ్చినట్టు ఊగిన మనిషే పోలింగ్ బూత్‌లో వేరే లెక్క వేసుకున్నాడన్నమాట.

హీరోలు మనల్ని మార్చేస్తున్నారని బెంగపెట్టుకునే పెద్దలున్నారు. సినిమాని సినిమాగా చూడాలి గానీ దాని వల్ల ఏమవుతుందని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. గత కొన్ని దశాబ్దాల్లో మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు చూస్తే ఇద్దరి మాటా సగమే నిజమనిపిస్తుంది. హీరో దగ్గర్నుంచి మనకి రెండు రకాల సరుకు వస్తుంది. ఒకటి త్వరగా వచ్చి త్వరగా పోతుంది. రెండోది వచ్చినట్టు కూడా తెలియదు, ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

కథలో పడ్డ మెదడు

కథ వింటున్నా, చదువుతున్నా, చూస్తున్నా మెదడు ఊరికే కూర్చోదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, దేని వల్ల, ఏం కావాలని అన్న ఐదు విషయాల్ని క్షణక్షణం సరిచూసుకుంటూ ఉంటుంది. 1995లో రోల్ఫ్ జ్వాన్, ఆయన సహచరులు ప్రతిపాదించిన నమూనా ఇది. సీను మారి రాత్రి పగలైతే ఒక లెక్క మారుతుంది. హీరో ఊరు వదిలి బస్సెక్కితే ఇంకో లెక్క మారుతుంది. ఎక్కువ లెక్కలు ఒకేసారి మారినచోట చదివేవాడి వేగం తగ్గుతుంది. స్క్రీన్‌ప్లే గందరగోళంగా ఉంటే మనకి తలనొప్పి రావడానికి కారణం ఇదే.

ఈ ఐదింటిలో చివరిది గమనించండి. ‘హీరోకి ఇప్పుడు ఏం కావాలి?’ దీనికి జవాబు లేకుండా తర్వాత ఏం జరుగుతుందో ఊహించలేం. అతని కోరిక ఏమిటో పట్టుకోవాలంటే అతను నిలబడ్డచోట కాసేపైనా మనం నిలబడాలి. అంటే హీరో స్థానంలోకి వెళ్ళడం మన బలహీనత వల్లనో, అభిమానం వల్లనో మొదలయ్యే పని కాదు. కథ అర్థం కావాలంటే తప్పని పని అది. అభిమానం తర్వాత వచ్చి చేరుతుంది.

శరీరం కూడా కొంత దూరం వెంట వెళుతుంది. అమెరికాలో జెఫ్రీ జాక్స్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో, స్కానర్‌లో పడుకున్నవాళ్ళు ఒక కుర్రాడి దినచర్య చదివారు. ఆ కుర్రాడు ఏదైనా వస్తువు చేతిలోకి తీసుకున్నట్టు వచ్చినచోట, చదివేవాళ్ళ మెదడులో చేతి కదలికలతో సంబంధమున్న భాగాల్లో మార్పు కనిపించింది. ఫైటు సీన్లో మన పిడికిలి బిగుసుకోవడం వింతేమీ కాదు.

కథలో ఇంత లోతుగా దిగినవాడికి తప్పులు వెతికే బుద్ధి మందగిస్తుంది. 2000లో మెలనీ గ్రీన్, తిమోతీ బ్రాక్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి ఒక కథ ఇచ్చి, అబద్ధంగా అనిపించినచోట గీత పెట్టమన్నారు. కథలో బాగా లీనమైనవాళ్ళు తక్కువ గీతలు పెట్టారు. లోకం గురించి వాళ్ళ అభిప్రాయాలు కూడా కథ చెప్పినవైపే ఒరిగాయి. ఇది కల్పన అని ముందే చెప్పినా ఆ ఒరుగుదల తగ్గలేదు. ‘ఈ చిత్రంలోని పాత్రలు కేవలం కల్పితం’ అని సినిమా మొదట్లో వేసే కార్డు కోర్టు కేసుల నుంచి కాపాడవచ్చు. మనసుకి మాత్రం అది కాపలా కాయదు.

బాక్స్: స్కానర్‌లో జాన్ స్నో

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో డిలన్ వాగ్నర్ బృందం 2021లో ప్రచురించిన ప్రయోగం ఇది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్ అభిమానులు 19 మందిని స్కానర్‌లో పడుకోబెట్టారు. తెర మీద ఒక పేరు, ఒక గుణం కనిపిస్తాయి. ఆ పేరు వాళ్ళదే కావచ్చు, తొమ్మిది మంది స్నేహితుల్లో ఒకరిది కావచ్చు, సీరియల్లోని తొమ్మిది పాత్రల్లో ఒకటి కావచ్చు. ఆ గుణం ఆ మనిషికి ఉందా లేదా అన్నది చెప్పాలి.

నుదుటి వెనక, మధ్యగా, కాస్త కిందికి ఉండే మెదడు భాగం మనం మన గురించి ఆలోచించినప్పుడు బాగా చురుగ్గా ఉంటుంది. స్నేహితుల గురించైతే తక్కువ, కల్పిత పాత్రల గురించైతే ఇంకా తక్కువ. కానీ కథ చూస్తూ పాత్రలో లీనమైపోయే అలవాటున్నవాళ్ళలో, ముఖ్యంగా తమకి బాగా నచ్చిన పాత్ర దగ్గర, ఆ చురుకుదనం ‘నేను’ అన్నప్పటి తీరుకి దగ్గరగా వచ్చింది. 19 మంది చాలా చిన్న గుంపు, అందువల్ల దీన్ని దారి చూపే గుర్తుగానే తీసుకోవాలి.

అద్దం పెడితే ఆగిపోయింది

ఒహాయో స్టేట్ యూనివర్సిటీలోనే జెఫ్ కౌఫ్‌మన్, లీసా లిబీ 2012లో ప్రచురించిన ప్రయోగాలు నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తాయి. ఎన్నికలకి కొద్ది రోజుల ముందు విద్యార్థులకి ఒక కథ ఇచ్చారు. అందులో ఒక విద్యార్థి వానలో, పొడుగాటి క్యూలో అవస్థపడి ఓటు వేస్తాడు. కథని నాలుగు రకాలుగా రాశారు. ‘నేను’ అంటూ సాగేది, ‘అతను’ అంటూ సాగేది, మన కాలేజీ కుర్రాడిది, వేరే కాలేజీ కుర్రాడిది. మన కాలేజీ కుర్రాడు ‘నేను’ అంటూ చెప్పిన కథ చదివినవాళ్ళలో 65 శాతం మంది నిజంగా వెళ్ళి ఓటేశారు. అదే ‘నేను’ కథ వేరే కాలేజీ కుర్రాడిదైతే 29 శాతమే.

ఓటెయ్యమని కథలో ఎవరూ బోధించలేదు. కాసేపు ఆ కుర్రాడై క్యూలో నిలబడ్డారు, అంతే.

ఇంకో ప్రయోగంలో చదివేవాళ్ళ ముందు అద్దం పెట్టారు. పాత్రలో లీనం కావడం చాలామందికి సాధ్యం కాలేదు. తన మొహం తనకి కనిపిస్తూ ఉంటే ఇంకొకరు కావడం కుదరదు. థియేటర్లో దీపాలెందుకు ఆర్పుతారో, ఇంట్లో టీవీలో చూసిన సినిమా థియేటర్లో చూసినంత ఎందుకు పట్టదో దీన్నుంచి కొంత ఊహించవచ్చు. ఇంట్లో కుక్కర్ విజిల్, కరెంటు బిల్లు, పక్కింటివాళ్ళ పిలుపు అన్నీ మనం ఎవరిమో గుర్తు చేస్తూనే ఉంటాయి.

మన పాత అలంకారికులు ఈ దారిలో చాలా దూరం నడిచారు. వెయ్యేళ్ళ కిందటే కాశ్మీర పండితుడు భట్టనాయకుడు ఒక ప్రశ్న వేసుకున్నాడు. రంగం మీద రాముడి దుఃఖం చూసి మనం కంటతడి పెడితే, ఆ దుఃఖం ఎవరిది? రాముడిదా, నటుడిదా, నాదా? ముగ్గురిదీ కాదని, నాటకం దాన్ని అందరికీ చెందేదిగా మారుస్తుందని ఆయన జవాబు. స్కానర్లు లేని కాలంలో ఇంత మాట అనడం సామాన్యం కాదు.

విశాఖ లాయరు రావిశాస్త్రి రాసిన ‘అల్పజీవి’ నవలని కూడా ఈ వెలుగులో చూడాలి. అందులో సుబ్బయ్య హీరో కాదు, హీరోకి పూర్తిగా తలకిందులు. పిరికివాడు, ఎవరు గట్టిగా మాట్లాడినా లోపల ముడుచుకుపోయేవాడు. అయినా అతని బుర్రలో పరుగెత్తే ఆలోచనల్ని ఉన్నవున్నట్టు పేజీ మీద పెట్టడం వల్ల, పాఠకుడు తప్పించుకోలేక సుబ్బయ్య అయిపోతాడు. ఆ నవల చదివి తన ఆఫీసు గది, తన పై అధికారి గొంతు గుర్తుకు రాని గుమాస్తా విశాఖలో ఉండి ఉండడు. మనల్ని పెద్దగా చూపించే పాత్రలే మనలోకి వస్తాయనుకోవడం పొరపాటు. లోపలి నుంచి చూపిస్తే చిన్నవాడు కూడా వచ్చి కూర్చుంటాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మంచి సాహిత్యం కాసేపు చదివితే చాలు, ఎదుటివాళ్ళ మనసు పట్టుకునే శక్తి వెంటనే పెరుగుతుందని 2013లో వచ్చిన ఒక ప్రయోగం పెద్ద వార్త అయింది. తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కథల మహిమ గురించి చెప్పే పరిశోధనలన్నిటినీ ఒకే తూకంలో నమ్మకూడదు.

పైపొర, లోపలి ద్రవం

ఎత్తిన భుజం తెల్లారే సరికి ఎందుకు దిగిపోయింది? కూర్మన్నపాలెం ఎదుటి ఫ్యాక్టరీలో జరిగే పనిలోనే దీనికి ఒక పోలిక దొరుకుతుంది. అక్కడ స్టీల్ మెల్టింగ్ షాపులో కరిగిన ఉక్కుని కాస్టింగ్ మెషిన్‌లోని రాగి అచ్చులోకి పోస్తారు. అచ్చు గోడల వెనక నీళ్ళు పారుతుంటాయి. గోడకి తగిలిన ఉక్కు వెంటనే గట్టిపడుతుంది. అచ్చు కిందనుంచి బయటికి వచ్చేటప్పుడు చూస్తే ఎర్రటి దిమ్మెలా ఉంటుంది గానీ, లోపల ఇంకా ద్రవమే. కొన్ని మీటర్ల దూరం నీళ్ళ జల్లులో నెమ్మదిగా ప్రయాణం చేశాకే నడిమి దాకా గడ్డకడుతుంది. దిమ్మె గట్టిదా, లోపల డొల్లా అన్నది ఆ నెమ్మది ప్రయాణంలోనే తేలుతుంది.

భుజం ఎత్తడం, జుట్టు దువ్వే తీరు, డైలాగు యాస, చొక్కా బొత్తాలు పైపొర. వెంటనే పడుతుంది, చూసినవాళ్ళకి అదే కనిపిస్తుంది, దాన్ని చూసే పెద్దలు కంగారుపడతారు. లోపల చల్లబడేది వేరు. నాలాంటివాడు ఏం చెయ్యగలడు? అవమానం ఎదురైతే ఎటు తిరగాలి? కష్టపడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకి కథ ఇచ్చిన జవాబు నడిమి ద్రవం. ‘పుష్ప’ చూసి గాజువాకలో ఎర్రచందనం దొంగరవాణాకి బయల్దేరినవాళ్ళు లేరు. ఇంటిపేరు అడిగి చిన్నబుచ్చినవాళ్ళ ముందు తల దించకపోవడం అన్న దారం మాత్రం చాలామంది లోపల ఎక్కడో తగులుకుని ఉంటుంది. ఆ సినిమాలో నాకు పట్టిందీ అదే.

పైపొర కాకుండా లోపలిది పనిచేస్తుందనడానికి ఒక ముద్దొచ్చే రుజువుంది. 2017లో రేచల్ వైట్, స్టెఫనీ కార్ల్‌సన్ తదితరులు నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలు 180 మందికి కంప్యూటర్ మీద విసుగు పుట్టించే పని పది నిమిషాలు చెయ్యమని అప్పజెప్పారు. పక్కనే ఆట ఉన్న ఐప్యాడ్ పెట్టి, విసుగొస్తే ఆడుకోవచ్చన్నారు. కొందరు పిల్లల్ని ‘నేను కష్టపడుతున్నానా?’ అని తమని తామే అడుక్కోమన్నారు. కొందరిని తమ పేరు పెట్టి అడుక్కోమన్నారు. కొందరికి బ్యాట్‌మన్ లాంటి ఇష్టమైన పాత్ర వేషం వేయించి ‘బ్యాట్‌మన్ కష్టపడుతున్నాడా?’ అని అడుక్కోమన్నారు. ఎక్కువసేపు పని చేసింది బ్యాట్‌మన్లే. ఎందుకు? ఐప్యాడ్ తనని లాగుతున్నప్పుడు ఆ లాగుడుకి ఒక అడుగు వెనక నిలబడి చూసుకునే చోటు ఆ వేషం పిల్లవాడికి ఇచ్చింది.

ఇక్కడ పాత్రని ఒక పనికి ముడిపెట్టారు. ‘నువ్వు బ్యాట్‌మన్‌వి’ అని పొగిడి వదిలేయలేదు. కథలు జనం జీవితాల్ని నిజంగా కదిలించిన చోట్ల మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇదే. 1969లో పెరూ దేశంలో ‘సింప్లెమెంతె మరియా’ అనే టీవీ సీరియల్ మొదలైంది. పల్లె నుంచి పట్నం వచ్చి ఇళ్ళలో పని చేసుకునే మరియా, కుట్టుపని నేర్చుకుని పైకొస్తుంది. సీరియల్ చూసిన పనమ్మాయిలు కుట్టు తరగతుల్లో చేరారు, కుట్టు మిషన్ల అమ్మకాలు పెరిగాయి. మరియా అందం ఎవరికీ రాలేదు. మరియా మిషన్ మాత్రం కొనుక్కోవచ్చు.

బ్రెజిల్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ గ్లోబో టీవీ సీరియళ్ళలో ముఖ్యపాత్రలైన ఆడవాళ్ళలో చాలామందికి పిల్లలు ఉండేవారు కారు, ఉన్నా ఒక్కరే. ఎక్కువమంది పిల్లలతో తెరని నింపితే కథ నడపడం కష్టం, అంతకుమించి ఉద్దేశమేమీ ఉన్నట్టు లేదు. ఆ టీవీ సిగ్నల్ ఊరూరికీ ఏ ఏట చేరిందో చూసి, జననాల లెక్కతో పోల్చారు ఎలియానా లా ఫెరారా, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు. సిగ్నల్ చేరిన ప్రాంతాల్లో కాన్పులు తగ్గాయి. పుట్టిన పిల్లలకి సీరియల్ పాత్రల పేర్లు పెట్టడం పెరిగింది. పేరు పైపొర, కాన్పుల సంఖ్య లోపలిది. ఒకే కథ రెండింటినీ పోసింది. మన దేశంలో కూడా కేబుల్ టీవీ చేరిన పల్లెల్లో ఆడవాళ్ళ మాటకి విలువ పెరిగిందని, కొడుకే కావాలన్న పట్టు సడలిందని రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఓస్టర్ 2009లో రాశారు.

తెలుగులో ఇలాంటి కొలతలు ఎవరైనా వేసి ఉంటే యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ దగ్గర మొదలుపెట్టాల్సింది. 1960ల్లో సీరియల్‌గా వచ్చిన ఆ నవల గురించి అందరూ చెప్పేది హీరో రాజశేఖరం గురించే. ఆరడుగులవాడు, కారు, హుందాతనం. అలాంటి మొగుడు దొరుకుతాడని అమ్మాయిలు కలలు కన్నారని వెక్కిరించిన విమర్శకులు చాలామంది. నాకు ఆ వెక్కిరింపు పైపొర దగ్గరే ఆగిపోయిందనిపిస్తుంది. ఆ నవలలో జయంతి ఉద్యోగానికి వెళుతుంది. మాట పడదు. మధ్యతరగతి ఇళ్ళలో ఆడపిల్ల ఉద్యోగమంటే ఇంకా వింతగా చూసే రోజుల్లో, నెలనెలా ఆమెతోపాటు ఆఫీసుకి వెళ్ళొచ్చిన పాఠకురాళ్ళకి ఆఫీసు అనేది తెలిసిన చోటైపోయింది. రాజశేఖరాన్ని మర్చిపోయినా ఆ అలవాటు మిగిలి ఉంటుంది.

ఇక ఎన్నికల చిక్కుముడి. నటుడి మీద అభిమానం ఒక దారి, పాత్రలో లీనం కావడం వేరే దారి. తెర మీది మనిషితో ముఖపరిచయం లేకుండానే ఏర్పడే ఏకపక్ష స్నేహం గురించి హోర్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే రాశారు. స్నేహితుణ్ణి మనం కోప్పడతాం, తప్పు పడతాం, పక్కన పెడతాం. చిరంజీవి అభిమాన సంఘాలని దగ్గరగా చూసి 2009లో పుస్తకం రాసిన ఎస్.వి. శ్రీనివాస్ కూడా అభిమాని అంటే వట్టి భక్తుడని ఒప్పుకోరు. అతనికి స్టార్ మీద హక్కు ఉందన్న భావన బలంగా ఉంటుంది. కృష్ణుడిగా, రాముడిగా ఎన్టీఆర్ బొమ్మ తెలుగిళ్ళ గోడల మీద ఉండేది. తిరుపతి వెళ్ళిన యాత్రికులు మద్రాసులో ఆయన ఇంటికి కూడా వెళ్ళి దర్శనం చేసుకునేవారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారంటే ఆ బొమ్మల పాత్ర లేదనలేం. అదే ఎన్టీఆర్‌ని 1989లో ఓడించారు. అప్పటికీ గోడ మీద కృష్ణుడు కృష్ణుడే.

కండల సంగతి

‘దేశముదురు’లో అల్లు అర్జున్ చొక్కా విప్పిన 2007 నుంచి మన హీరోలకి సిక్స్‌ప్యాక్ దాదాపు తప్పనిసరైంది. అది చూసిన మామూలు పొట్టవాడికి ఏమవుతుంది? 2013లో అరియానా యంగ్ బృందం కండలున్న సూపర్‌హీరో బొమ్మల్ని మగవాళ్ళకి చూపించింది. ఆ హీరోతో ఏ బంధమూ లేనివాళ్ళకి తమ ఒంటి మీద తమకే చిన్నచూపు కలిగింది. అతన్ని తమవాడు అనుకునేవాళ్ళకి అలా కాలేదు, పైగా పిడికిలి బలం కొలిచే పరికరాన్ని ఎక్కువ గట్టిగా నొక్కారు. పరాయివాడైతే పోలిక, మనవాడైతే అతని బలంలో మనకీ వంతు.

చూసేశాం కదా!

ఇంతవరకు చెప్పింది బాగానే ఉంది. ఇక ఇబ్బందిగా ఉండే భాగం.

కోరుకున్నది దక్కినట్టు తీయగా ఊహించుకుంటే ఒంట్లో చురుకు తగ్గుతుందని హెదర్ కాపెస్, గాబ్రియేల్ ఓటింగెన్ 2011లో ప్రయోగాలతో చూపించారు. రక్తపోటు కూడా కాస్త దిగుతుంది. పని అయిపోయిందన్న భ్రమలో శరీరం నడుం వాలుస్తుంది. ఈ మాటని సినిమాకి వర్తింపజేయడం నా సొంత పెత్తనమే గానీ, నాకు నమ్మకంగానే ఉంది. లంచగొండి అధికారిని హీరో చితకబాదిన సీన్లో ఈల వేసి బయటికొచ్చిన మనిషి మర్నాడు అదే ఆఫీసులో అదే కవరు ఇస్తాడు. ‘ఠాగూర్’ వచ్చిన 2003 తర్వాత లంచం తగ్గిన ఆఫీసు పేరు ఎవరైనా చెప్పగలరా? మరియా సీరియల్లో మిషన్ ఉంది, ఎలా కొనాలో, ఎక్కడ నేర్చుకోవాలో ఉంది. మన ప్రతీకార సినిమాలో మనం చెయ్యగలిగిన పని ఒక్కటీ ఉండదు. ఆ లెక్కన ‘శ్రీమంతుడు’ (2015) కాస్త మినహాయింపు. ఊరిని దత్తత తీసుకోవడం అన్నది డబ్బున్నవాడు అనుకరించగలిగిన పని. ముందుగా అనుకరించింది హీరోయే. మహేశ్‌బాబు బుర్రిపాలెం, సిద్ధాపురం గ్రామాల్ని దత్తత తీసుకున్నారు.

చిన్నపిల్లల విషయంలో ఇంకో చిక్కు. 2017లో సారా కోయిన్ బృందం బడికి కూడా వెళ్ళని వయసు పిల్లల్ని ఏడాదిపాటు గమనించి, సూపర్‌హీరోల్ని ఎక్కువగా చూసే పిల్లల్లో కొట్టే గుణం పెరిగిందని, ఏడిపించబడే పిల్లవాడికి అడ్డం నిలబడే గుణం మాత్రం పెరగలేదని రాసింది. హీరో ఎందుకు కొట్టాడో అర్థం కావాలంటే కథని మొదటినుంచి చివరిదాకా పట్టుకోవాలి. ఆ వయసుకి దొరికేది దెబ్బ ఒక్కటే.

ఒకే జీవితం, రెండు చెప్పడాలు

హీరో కథల్లోంచి మనం తీసుకునే అన్నిటిలోకి ముఖ్యమైనది కథ నడిచే తీరు. మన జీవితం గురించి మనకి మనం చెప్పుకునేటప్పుడు ఆ తీరునే వాడతాం. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన డాన్ మెక్ఆడమ్స్ దశాబ్దాలుగా జనం చేత వాళ్ళ జీవితకథలు చెప్పించుకుంటున్నారు. ఆయన గమనించిన రెండు మలుపులున్నాయి. కష్టంతో మొదలై ఏదో ఒక మేలులో తేలే మలుపు. మంచిగా మొదలై చెడిపోయి, ఆ చెడు మొత్తానికి అంటుకునే మలుపు. మొదటి రకంగా చెప్పుకునేవాళ్ళలో తృప్తి, తర్వాతి తరానికి ఏదైనా చేయాలన్న తపన ఎక్కువగా కనిపిస్తాయి.

కూర్మన్నపాలెం చుట్టుపక్కల ఈ రెండు మలుపులూ రోజూ వినిపిస్తాయి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాల జనం భూములిచ్చి లేచిపోయారు. వాళ్ళకి పునరావాస కార్డులిచ్చారు, ఇక్కడి భాషలో ఆర్-కార్డు. కార్డు మీద ఉద్యోగం వచ్చిన ఇంట్లో ఒక కథ. మా తాత మామిడితోట పోయింది, ఆ నేల మీదే మా నాన్న ఫర్నేసు దగ్గర నిలబడ్డాడు, నేను ఉక్కునగరం బళ్ళో చదివాను. కార్డు ఉండి ఉద్యోగం రాని ఇంట్లో ఇంకో కథ. చక్కటి ఊరు, చక్కటి పంట, ఫ్యాక్టరీ వచ్చింది, అన్నీ పోయాయి, ఇప్పటికీ కార్డు పట్టుకుని తిరుగుతున్నాం. రెండో ఇంటివాళ్ళకి వెళ్ళి ‘మీ కథని మొదటి రకంగా చెప్పుకోండి, మనసు తేలికపడుతుంది’ అని సలహా ఇస్తే అది శాస్త్రం కాదు, పొగరు. కథ చెప్పుకునే తీరు మారితే దిగులు తగ్గవచ్చు. రావలసిన ఉద్యోగం రాదు.

బాక్స్: మీ కథలో ఏడు సంగతులు

2023లో బెంజమిన్ రోజర్స్ బృందం ప్రచురించిన పరిశోధన, లోకమంతటా హీరో కథల్లో కనిపించే ఏడు సంగతుల్ని పట్టుకుంది. ఒక మనిషి, పరిస్థితి మారిపోవడం, ఒక లక్ష్యం, తోడు నిలిచినవాళ్ళు, అడ్డంకి, ఆ దారిలో మనిషి మారడం, చివర్లో నలుగురికీ మిగిలేది. తమ జీవితాన్ని ఈ ఏడింటితో చెప్పుకోగలిగినవాళ్ళకి బతుక్కి అర్థం ఉందన్న భావన ఎక్కువగా కనిపించింది. మామూలు మనుషుల చేత ఒక్కో సంగతి గురించి రాయించి, వాటిని కలిపి ఒక కథగా అల్లించినప్పుడు కూడా ఆ భావన పెరిగింది. తోడు నిలిచినవాళ్ళు కూడా ఆ ఏడింటిలో ఒక సంగతని మర్చిపోకండి. మన సినిమాల్లో వాళ్ళని కమెడియన్ కిందో, ఇంటర్వెల్‌కి ముందు చచ్చిపోయే స్నేహితుడి కిందో సరిపెడతారు.

హీరో లేని శిబిరం

ఈ ఫ్యాక్టరీ పుట్టుక కథని సినిమావాళ్ళకి చెబితే మొదట అడిగేది ‘హీరో ఎవరు?’ అనే. ఫ్యాక్టరీ కావాలని 1966 అక్టోబరు 15న విశాఖలో నిరాహారదీక్షకి కూర్చున్న టి. అమృతరావు ఉన్నారు. ఆ ఉద్యమాన్ని నడిపించిన తెన్నేటి విశ్వనాథం ఉన్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో విద్యార్థులున్నారు, ఏ సభలోనూ మాట్లాడనివాళ్ళున్నారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఒక్క మొహం మీద కెమెరా పెట్టి చెప్పడానికి లొంగే కథ కాదిది.

2021 జనవరిలో ఫ్యాక్టరీలో పెట్టుబడుల ఉపసంహరణకి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం జంక్షన్‌లో రిలే దీక్షల శిబిరం వెలిసింది. ఇవాళ ఒక విభాగం కార్మికులు, రేపు ఇంకో విభాగం. షిఫ్టు దిగి వచ్చి కూర్చునేవాళ్ళు, లేచి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు. వెయ్యి రోజులు దాటినా అది నడిచింది. రిలే అంటేనే హీరో లేకపోవడం. మొదట్లో చెప్పిన ఐదు లెక్కల్లో ‘ఎవరు’ అన్న లెక్క ఇక్కడ రోజూ మారిపోతుంది. మన మెదడుకి అందుకే ఇది కథలా అనిపించదు, వార్తలా అనిపిస్తుంది. జనం గెలుచుకున్నదాన్ని కూడా ఏదో ఒక నాయకుడి ఖాతాలో వేసి చెప్పుకోవడం, ఎప్పుడో ఒకడొచ్చి ఉద్ధరిస్తాడని ఎదురుచూడటం, ఈ రెండూ తెర మీద వేల సార్లు చూసిన అదే అచ్చులోంచి వస్తున్నాయని నా అనుమానం.

అయితే ‘ఎవరు’ అన్నచోట ఒక గుంపుని పెట్టడం మెదడుకి చేతకాదా? బఫెలో యూనివర్సిటీలో షిరా గాబ్రియేల్, అరియానా యంగ్ 2011లో ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకి దగ్గరగా వెళ్ళింది. 140 మంది విద్యార్థుల్లో కొందరి చేత హ్యారీ పాటర్ మాంత్రికుల కథ, కొందరి చేత ‘ట్వైలైట్’ రక్తపిశాచుల కథ అరగంట చదివించారు. తర్వాత వింత ప్రశ్నలు వేశారు. నీ పళ్ళు ఎంత పదును? నిద్ర లేకుండా ఎంతసేపు ఉండగలవు? గట్టిగా ప్రయత్నిస్తే వస్తువుని మనసుతోనే కదపగలవా? మాంత్రికుల కథ చదివినవాళ్ళు తమకి తెలియకుండానే మాంత్రికుల వైపు, పిశాచుల కథ చదివినవాళ్ళు పిశాచుల వైపు ఒరిగారు. ఒక హ్యారీ అయిపోవడం కాదది. ఒక బడిలో, ఒక కులంలో, ఒక జట్టులో చేరిపోవడం. అలా చేరినందువల్ల వాళ్ళకి సంతోషం కూడా కలిగింది.

అంటే గుంపులోకి తీసుకెళ్ళే కథని మెదడు స్వీకరిస్తుంది, కాకపోతే ఆ గుంపు బతికే చోటు, దాని మాట, దాని ఆచారాలు కళ్ళకి కట్టాలి. షిఫ్టు సైరన్, ఆర్-కార్డు, దీక్షా శిబిరంలో టీ గ్లాసులు, హైవే దుమ్ము, ఆ పక్క ఉక్కునగరం. సరుకంతా కూర్మన్నపాలెం జంక్షన్‌లోనే ఉంది. గద్దర్ నటించిన ‘ఉక్కు సత్యాగ్రహం’ ఆ వైపు వేసిన ఒక అడుగు. పోస్టరు మీద ఎవరి బొమ్మ వెయ్యాలన్నది నిర్మాత తేల్చుకోవాల్సిన విషయం.